అప్పగింతల మేడం

మొన్న పెద్దపల్లిలో ఒక పెళ్ళికి వెళ్ళాను. అప్పగింతల దగ్గర అందరూ ఏడుస్తున్నారు. పెళ్ళికూతురి తల్లి పిల్ల చెయ్యి పట్టుకెళ్ళి వియ్యపురాలి చేతిలో పెట్టి, "మా పిల్లకు కోపమెక్కువ, ఆకలైతే ఇంకా ఎక్కువ, జర మంచిగ చూసుకో వదినా" అంటోంది. వీడియో తీసే అబ్బాయి కూడా ముక్కు తుడుచుకుంటున్నాడు. సరిగ్గా అక్కడ నాకు నవ్వొచ్చింది. మూతి బిగిస్తే ఆగే నవ్వు కాదు, పొట్ట పట్టుకుని వంగిపోయే నవ్వు. కొంగు నోట్లో కుక్కుకుని తల దించుకుంటే, పక్కనున్న పెద్దావిడ నా వీపు నిమిరి "ఊకో బిడ్డా, ఊకో" అంది. ఆమె అలా అనగానే నాకు నిజంగానే ఏడుపొచ్చింది.

నాకు గుర్తొచ్చింది పెళ్ళి అప్పగింతలు కాదు. కరీంనగర్‌లో నేను చదువుకున్న క్యాంపస్‌లో, ఆడపిల్లల హాస్టల్ వరండాలో, ప్రతి ఏడూ కొత్త పిల్లలు చేరే రోజున జరిగే అప్పగింతలు. అవి చేయించే మా వార్డెన్ మేడం కిందటి వానాకాలంలో చనిపోయారు. ఆ కబురు నాకు హాస్టల్ పిల్లల వాట్సాప్ గ్రూపులో, రెండు గుడ్‌మార్నింగ్ పువ్వుల నడుమ వచ్చింది. ఆ రోజు కన్నీళ్ళు రాలేదు. పనిచేసుకుంటూ కూర్చున్నాను. ఆ బాకీ అంతా పెద్దపల్లి పెళ్ళిలో తీరింది.

ఆమె పేరు రాయడం లేదు. రాస్తే ఊరుకునే మనిషి కాదు. అసలు ఆమె మమ్మల్ని ఏనాడూ పేరుతో పిలిచింది లేదు. అందరికీ ఊరి పేర్లే. "ఏమే ఇచ్చోడా, తిన్నవా?" "ఓ జమ్మికుంటా, గా ఫ్యాన్ బందు చెయ్యి!" ధర్మపురి నుంచి ఇద్దరొస్తే పెద్ద ధర్మపురి, చిన్న ధర్మపురి అయ్యారు. చిన్న ధర్మపురి ఎత్తులో పెద్ద ధర్మపురి కంటే జానెడు ఎక్కువ ఉండేది, అయినా మేడం మార్చలేదు. మేమూ ఊరుకోలేదు. ఆమెది సుల్తానాబాద్ కాబట్టి వెనకాల సుల్తానాబాద్ అనే పిలుచుకునేవాళ్ళం. ఒకరోజు ఆ మాట ఆమె చెవిన పడింది. మా పై ప్రాణాలు పైకే పోయాయి. ఆమె మాత్రం, "పిలువున్రి. మా ఊరు ఏమన్న తక్కువదా?" అని వెళ్ళిపోయారు.

పొట్టి మనిషి. ఎండాకాలం, వానాకాలం, చలికాలం అన్న తేడా లేకుండా చేతిలో నల్ల గొడుగు. ఇంట్లో కూడా పట్టుకుని తిరుగుతారని మా అనుమానం. ఆ గొడుగు పిడితోనే తలుపులు తట్టేవారు. వృక్షశాస్త్రం చెప్పేవారు. హాస్టల్ వార్డెన్, ర్యాగింగ్ నిరోధక కమిటీలో సభ్యురాలు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఎవరైనా మధ్యలో ఆగితే కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకునేవారు. "అద్దాలు లేకపోతే నాకు నీ మొఖం కనవడది. సిగ్గువడకుంట చెప్పు" అనేవారు. అది నిజమే. ఆ అద్దాలు లేకపోతే ఆమెకు ఎదుట ఉన్నది మనిషో, బీరువానో తెలిసేది కాదు.

ర్యాగింగ్ ఆపడానికి క్యాంపస్ చేయాల్సిందంతా చేసేది. గోడల మీద పోస్టర్లు, పోస్టర్ల మీద ఫోన్ నంబర్లు, అడ్మిషన్ నాడు పిల్లల చేతా తల్లిదండ్రుల చేతా సంతకాలు. మేడం వాటినేమీ కాదనలేదు. కాకపోతే ఆమెకు అది చాలేది కాదు. "సంతకం కాయితం మీద ఉంటది. మనిషి మీద ఏముంటది?" అనేవారు. అందుకని ఆమె తన పద్ధతి ఒకటి పెట్టారు. కొత్త పిల్ల తల్లితో పాటు రిక్షా దిగగానే, అదే బస్సు దారిలో ఊరున్న సీనియర్‌ను పిలిచేవారు. ఇద్దరినీ వరండాలో ఎదురెదురుగా నిలబెట్టేవారు. తల్లి తన బిడ్డ చెయ్యి తీసి ఆ సీనియర్ చేతిలో పెట్టాలి. పెట్టి, బిడ్డ సంగతులు చెప్పాలి. "మా పోరికి వంకాయ పడది", "ఉరుములంటే భయం", "అడుగకపోతే తినది" ఇట్లాంటివి. తర్వాత ఆ తల్లే సీనియర్ నోట్లో ఇంత బెల్లం ముక్క పెట్టాలి. బెల్లం మేడం సంచిలో సిద్ధంగా ఉండేది. తల్లి చేత్తో తిని, ఆ తల్లి బిడ్డను ఏడిపించే ఆడపిల్ల ఈ జిల్లాల్లో పుట్టదని మేడం నమ్మకం.

చూడ్డానికి గమ్మత్తుగా ఉండేది. సగంమంది సీనియర్లు అక్కడే ఏడ్చేసేవాళ్ళు. మిగతా లెక్చరర్లు స్టాఫ్ రూమ్ కిటికీలోంచి చూసి నవ్వుకునేవాళ్ళు. "మేడం, మేళం గూడ పిలువకపోయిన్రా?" అని ఒక సార్ అడిగితే, "మీరు వస్తనంటే పిలుస్త సార్, డోలు మీకే ఇస్త" అన్నారట.

నేను చేరిన రోజు మా అవ్వ, అదే మా అమ్మ, నా చెయ్యి రజిత చేతిలో పెట్టింది. రజితది మా ఇచ్చోడ పక్క ఊరే. వాళ్ళమ్మా మా అవ్వా అంగడిలో ఎదురుపడి పలకరించుకునే మనుషులు. ఇంక అవ్వ సంతోషానికి పట్టపగ్గాల్లేవు. మా బాపు గల్ఫ్‌లో ఉండేవాడు. ఇంట్లో పెత్తనం బాపు వాళ్ళన్న, మా పెద్దబాపుది. ఆడపిల్లను అంత దూరం పంపి చదివించేదేముందని పెద్దబాపు, పంపాల్సిందేనని అవ్వ. ఎండాకాలమంతా ఆ లొల్లే నడిచింది. చివరికి పెద్దబాపు "సరే, పంపు. ఒక్క మాట అటిటు వచ్చినా తెల్లారేసరికి పోరి ఇంట్లుండాలె" అని ఒప్పుకున్నాడు. అందుకని రజిత చెయ్యి దొరకడం అవ్వకు కొండంత అండ దొరికినట్టయింది. "నా బిడ్డకు నోరు లేదమ్మా. కడుపుల మాట కడుపులనే పెట్టుకుంటది. నువ్వే చూసుకోవాలె" అని బెల్లం తినిపించింది. రజిత బెల్లం తిని, "నా చెల్లె లెక్క చూసుకుంట చిన్నమ్మా" అంది. అబద్ధం చెప్తున్నట్టు ఎవరికీ అనిపించలేదు. ఆ క్షణాన రజితకు కూడా అనిపించి ఉండదు.

వారం తిరగకముందే రజిత గదిలో నేను బట్టలు ఉతకడం మొదలుపెట్టాను. ఆమెవీ, ఆమె గదిలోని ఇద్దరివీ. తర్వాత బకెట్లు నింపడం, రికార్డులు రాయడం. వాళ్ళు తింటుంటే గోడవైపు తిరిగి నిలబడటం. ఇవన్నీ ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది ఇంకొకటి ఉంది. మా ఆదిలాబాద్ మాటలో మరాఠీ కలుస్తుంది. నన్ను నిలబెట్టి మా ఊరి మాటలో మాట్లాడమనేవాళ్ళు. అంగడిలో బేరమాడినట్టు మాట్లాడు, మీ అవ్వ తిట్టినట్టు తిట్టు అనేవాళ్ళు. ఫోన్‌లో వీడియో తీసి వాళ్ళ గ్రూపులో పెట్టేవాళ్ళు. నాకు ముఖపరిచయం కూడా లేని పిల్లలు మెస్‌లో ప్లేటు పట్టుకుని నా మాటలు నాకే ఒప్పజెప్పేవాళ్ళు. దాంతో నేను మాట్లాడటం మానేశాను. క్లాసులో హాజరు పిలిచినా చెయ్యెత్తి ఊరుకునేదాన్ని. నాకు నోరు లేదని అవ్వ చెప్పినప్పుడు అది ముచ్చటకు చెప్పిన మాట. దాన్ని వీళ్ళు నిజం చేశారు.

ఆదివారం ఆదివారం అవ్వ నాకు ఫోన్ చేసేది కాదు, రజితకు చేసేది. నేను ఏమున్నా చెప్పనని, రజిత అయితే నిజం చెబుతుందని ఆమె ధీమా. ఒక ఆదివారం నేను రజిత చుడీదార్ పిండుతున్నాను. మోచేతుల దాకా సబ్బు నురగ. రజిత మంచం మీద కూర్చుని, "మంచిగున్నది చిన్నమ్మా. ఫికర్ చేయకు. తింటున్నది, చదువుతున్నది" అంటోంది. తర్వాత లేచి వచ్చి ఫోన్ నా చెవి దగ్గర పెట్టింది. "తిన్నవా బిడ్డా?" అంది అవ్వ. "తిన్న" అన్నాను. రజిత నా వైపు చూడకుండా కిటికీ వైపు చూస్తూ నిలబడింది. ఆమెను అప్పుడు చూసి నాకు కోపం రాలేదు, ఎందుకో తెలియదు. భయం మాత్రం వేసింది.

చెప్పొచ్చు కదా అంటారు. స్నానాల గదుల ఎదురుగానే పోస్టరు ఉండేది. పళ్ళు తోముకుంటూ రోజూ ఆ నంబరు చదివేదాన్ని. కంఠతా వచ్చేసింది. కానీ నన్ను ఏడిపించేది ఎవరో సీనియర్ కాదు, అవ్వ నా చెయ్యి పెట్టిన మనిషి. అవ్వ బెల్లం తినిపించిన మనిషి. ఆమె మీద ఫిర్యాదు చేయడమంటే ఇంటి మనిషిని బజారున పెట్టినట్టే. అంగడిలో వాళ్ళమ్మ ఎదురైతే అవ్వ ముఖం ఎక్కడ పెట్టుకుంటుంది? అన్నిటికీ మించి పెద్దబాపు మాట ఒకటి ఉండనే ఉంది. ఒక్క మాట అటూ ఇటూ వస్తే చాలు, నా చదువు అక్కడితో సరి. దసరా సెలవులకు ఇద్దరం ఒకే బస్సులో ఒకే సీట్లో ఇంటికెళ్ళాం. తిరిగొచ్చేటప్పుడు అవ్వ ఇచ్చోడ బస్టాండ్‌లో సత్తు ముద్దల మూట నాకివ్వలేదు, రజితకిచ్చింది.

మేడంకు ఇంకొక అలవాటుండేది. దాన్ని మేం తొక్కు తనిఖీ అనేవాళ్ళం. ఆదివారం మధ్యాహ్నం గొడుగు పిడితో తలుపు తట్టి, "తొక్కులు తియ్యిరి!" అని లోపలికొచ్చేవారు. ఇంటినుంచి తెచ్చుకున్న పచ్చడి డబ్బాలన్నీ మంచం మీద పెట్టాలి. సంచిలోంచి చెంచా తీసి ప్రతిదాన్నీ రుచి చూసి, తల్లులకు మార్కులు వేసేవారు. "చొప్పదండి అవ్వకు ఉప్పు చెయ్యి జారింది." "గీ మామిడికాయ తొక్కు ఎవలు పెట్టిన్రే? ఆమెను నాకు వదిన చెయ్యున్రి." మేడం తిండిపోతు అని అందరం నవ్వుకునేవాళ్ళం. తిండిపోతు అన్నది కూడా నిజమే. కానీ ఆమె చూసేది రుచి ఒక్కటే కాదని తర్వాత తెలిసింది. కొత్తపిల్ల డబ్బా చూస్తుండగానే ఖాళీ అయితే సీనియర్లు తినేస్తున్నట్టు. ఆ సీనియర్లకు ఆ వారమంతా మేడం చేతిలో పండగే. కానీ డబ్బా అసలు తగ్గకపోతే అది ఇంకా చెడ్డ కబురు.

నా డబ్బా తగ్గలేదు. అవ్వ దసరాకు పెట్టిచ్చిన చింతకాయ తొక్కు మీద నూనె తేరి అలాగే ఉంది. మేడం మూత తీశారు. చెంచా లోపల పెట్టకుండా నా వైపు చూశారు. రుచి చూడలేదు, మార్కులు వేయలేదు. మూత పెట్టి, "రేపు క్లాసులైనంక డిపార్ట్‌మెంటుకు రా. జర పనున్నది" అని వెళ్ళిపోయారు.

పనేమీ లేదు. మొక్కల కొమ్మలు ఆరబెట్టడానికి పాత పేపర్ల నడుమ పెట్టి ఉంచుతారు. ఆ పేపర్లు తడిస్తే మార్చాలి. "నువ్వు మార్చుకుంట కూసో, నాకు దిద్దే పేపర్లున్నయి" అన్నారు మేడం. రోజూ వెళ్ళేదాన్ని. ఆమె నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నాకు ఆ మౌనం హాయిగా ఉండేది, అక్కడ ఎవరూ నన్ను మాట్లాడమనరు కాబట్టి. పోను పోను ఒకరోజు తంగేడు కొమ్మ మీద పేపరు మారుస్తూ, తలెత్తకుండానే, నాకు తెలియకుండానే చెప్పడం మొదలుపెట్టాను. మేడం అద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. నేను ఆగినప్పుడల్లా "ఊఁ" అన్నారు. బట్టలు, రికార్డులు, గోడ, వీడియోలు అన్నీ చెప్పాను. మా ఊరి మాటలోనే చెప్పాను. ఆమె నవ్వలేదు.

అంతా అయ్యాక, "ఇన్ని దినాలు ఎందుకు చెప్పలేదే?" అన్నారు.

"మీరు చెప్తెనే గద మేడం, అవ్వ నా చెయ్యి ఆమె చేతిల పెట్టింది. ఇగ ఆమె మీద ఎట్ల చెప్పాలె?" అన్నాను.

నేను ఆమెను తప్పు పట్టాలని అనలేదు. ఉన్నమాట అన్నాను, అంతే. కానీ మేడం ముఖం చూస్తే పాపం అనిపించింది. బల్ల మీది అద్దాలు చేతిలోకి తీసుకున్నారు, పెట్టుకోలేదు. "అంటే, గా పోరి నిన్ను సతాయిస్తే నీ నోరు మూసింది నేనన్నట్టు" అన్నారు. తర్వాత నాకు చాయ్ తెప్పించారు.

మర్నాడు కమిటీకి ఫిర్యాదు వెళ్ళింది. రజిత మేడంకు ప్రాణమని అందరికీ తెలుసు. క్లాసులో మొదటి వరసలో కూర్చునే పిల్ల, మేడం తన పుస్తకాలు ఇంటికి ఇచ్చి పంపే పిల్ల. కమిటీ పెద్దసార్ కూడా ఆ మొహమాటంతోనే అన్నారు. "ఇద్దరూ ఒకే తొవ్వ పిల్లలు మేడం. క్షమాపణ చెప్పిద్దాం. బయటకెందుకు, లోపల్లోపల సర్దుకుందాం."

"గా పోరి నెలల సంది సర్దుకునే ఉన్నది సార్," అన్నారు మేడం. "ఇగ మనం సర్దుకునేది బందు చేద్దాం. ఫిర్యాదు రాయున్రి. అప్పగింతలు చేయించింది నేను అని గూడ రాయున్రి."

రజితను పిలిచారు. నేనూ అక్కడే ఉన్నాను. రజిత ఏదీ కాదనలేదు. మేడంను మాత్రం సూటిగా చూసి, "నాకు చేయలేదా మేడం? మా సీనియర్ల బట్టలు నేను ఉతుకలేదా? నేనెవలకు చెప్పిన?" అంది. అని, వెక్కివెక్కి ఏడ్చింది. మేడం కుర్చీలోంచి లేచి వెళ్ళి ఆమె పక్కన నిలబడ్డారు. "నీదీ నాకు తెలువలేదు బిడ్డా. నీ చెయ్యి గూడ నేనే ఎవలి చేతిలనో పెట్టిచ్చిన. అది నా తప్పు. గని నీకైంది నువ్వు దీనికి చేసుడు, అది నీ తప్పు. రెండిటికీ లెక్క వేరు." రజితను ఆ సెమిస్టర్‌కు హాస్టల్ నుంచి పంపించేశారు. ఆమె గదిలోని ఇద్దరికీ అదే శిక్ష. వీడియోలు చెరిపించేశారు. ఎవరి ఫోన్‌లోనూ లేవని నాకు మాత్రం నమ్మకం కుదరలేదు.

ఇంక మిగిలింది మా ఇల్లు. "అవ్వకు చెప్పకున్రి మేడం. పెద్దబాపు నన్ను తీస్కపోతడు" అని బతిమాలాను. కాళ్ళు పట్టుకోవడమొక్కటే తక్కువ. మేడం వినలేదు. "చెప్పకపోతే మళ్ళ అదే అయితది. ఎవలో ఒకలు నోరు మూసుకోవాలె. ఈసారి మీ అవ్వ తాన మనిద్దరం మూసుకుందామా?" అన్నారు. ఫోన్‌లో చెప్పే మాట కాదని నన్ను తీసుకుని ఆమే బయల్దేరారు.

నిర్మల్ దాటి బస్సు ఘాట్ ఎక్కుతుంటే మేడంకు కడుపులో తిప్పడం మొదలైంది. చేతిలో నిమ్మకాయ, ఒళ్ళో గొడుగు. మధ్యమధ్య వాంతి, మధ్యమధ్య తిట్లు. "మీ ఊరు గింత ఎత్తుల ఎందుకు కట్టిన్రే?" నేను ఆమె వీపు నిమురుతూ కూర్చున్నాను. ఇదే బస్సులో మళ్ళీ వెనక్కి వస్తానో రానో తెలియదు.

ఇంటికెళ్ళేసరికి అవ్వ పత్తి ఏరి వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. పెద్దబాపు మంచం మీద నడుం వాల్చి ఉన్నాడు. మేడంను చూసి అవ్వ పొంగిపోయింది. కుర్చీ వేసింది. మేడం కూర్చోలేదు.

"చెల్లే, నువ్వు నా మాట మీద నీ బిడ్డను ఒకల చేతిల పెట్టినవ్. వాళ్ళు మంచిగ చూసుకోలే. బట్టలుతికిచ్చిన్రు, నలుగుట్ల నవ్విచ్చిన్రు. నాకు తెలువలే. తప్పు నాది, పోరిది గాదు" అన్నారు. ఎక్కడా దాచలేదు, తగ్గించి చెప్పలేదు. ఫిర్యాదు, శిక్ష, అన్నీ వరసగా చెప్పారు.

పెద్దబాపు లేచి కూర్చున్నాడు. "నేను అననే అన్న గద. ఇగ చదువు సాలు. సామాను తెప్పియ్యున్రి."

"అన్నా, తప్పు చేసినోళ్ళు హాస్టల్ వదిలిపెట్టిన్రు. తప్పు చేయని పోరి గూడ వదిలిపెట్టాల్నా? ఇద్దరికీ ఒకటే శిక్ష ఏస్తమా?" అన్నారు మేడం.

మాట అవ్వ అందుకుంది. అప్పటిదాకా మీరు మీరు అంటున్న అవ్వ ఒక్కసారి నువ్వులోకి దిగింది. "నువ్వు చెప్తెనే నమ్మిన. గింత చదువుకున్నవ్, గంతమంది పిల్లలను సాకుతున్నవ్, నా ఒక్క పోరి మొఖం సూస్తే నీకు సమజ్ కాలేదా? నేను ఫోన్ల దాని గొంతు ఇని మురిసిన. అది అక్కడ బట్టలుతుక్కుంట 'తిన్న' అన్నదా?" అని కడిగిపారేసింది. కాలేజీలో ప్రిన్సిపాల్‌కు కూడా ఎదురు చెప్పే మేడం, మా వాకిట్లో ఎండలో, గొడుగు విప్పకుండా నిలబడి అంతా విన్నారు. నాకు అవ్వ మీద కోపమొచ్చింది, మేడం మీద జాలేసింది, ఇద్దరి మీదా ప్రేమ ముంచుకొచ్చింది.

అవ్వ ఆగాక నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పు. ఉంటవా, వస్తవా?"

అప్పటిదాకా ఆ మాట నన్ను అడిగినవాళ్ళు లేరు. "చదువుకుంట అవ్వా" అన్నాను. ఆ మాట వాకిలి దాటి వినపడేంత గట్టిగా వచ్చింది. నాకే ఆశ్చర్యమేసింది. పెద్దబాపు ఏదో అనబోతే అవ్వ చెయ్యి చూపించి ఆపింది.

మేడం ఇంక పోతానన్నారు. ఇక్కణ్ణుంచి రజిత ఇంటికి వెళ్ళాలన్నారు. వాళ్ళమ్మకూ ఇలాగే నిలబడి చెప్పాలి కదా. అవ్వ లోపలికెళ్ళి చీర మార్చుకుని, చెప్పులేసుకుని వచ్చింది. "ఒక్కదానివి పోతే ఏడ్సుడే అయితది. నేను గూడ వస్త" అంది. ఇద్దరూ ఆటో ఎక్కి వెళ్ళారు. ఆ ఇంట్లో ఏం జరిగిందో నేను చూడలేదు. అవ్వ చీకటి పడకముందే తిరిగొచ్చి, "రజిత తల్లి చానా ఏడ్సింది. మేడం గూడ ఏడ్సింది. వాళ్ళింట్ల చాయ్ నేనే పెట్టిన" అని మాత్రం చెప్పింది.

మరుసటి ఏడు అప్పగింతలు మానేస్తారనుకున్నాం. మేడం మానలేదు. మొండి మనిషి. కాకపోతే ఒక మార్పు చేశారు. చెయ్యి పెట్టి, బెల్లం తినిపించాక, తల్లి తన బిడ్డకు ఒక మాట చెప్పాలి, సీనియర్ వింటుండగా. "గీ అక్క ఏమన్న తిప్పలు పెడితే మేడంకు చెప్పు బిడ్డా. చెప్తే నాకు కోపం రాదు." తల్లులకు నోరు వచ్చేది కాదు. బెల్లం పెట్టిన నోటి ముందే అలా అనడానికి సిగ్గుపడేవాళ్ళు. మేడం వదిలేవారు కాదు. "ఇంకోసారి చెప్పు. గట్టిగ!"

రజిత తిరిగొచ్చి పరీక్షలు రాసి పాసైంది. నేనూ సీనియర్‌నయ్యాను. చెన్నూరు నుంచి వచ్చిన ఒక బక్కపలచని పిల్ల చెయ్యిని వాళ్ళమ్మ నా చేతిలో పెట్టింది. పెట్టి, కళ్ళు దించుకుని, ఆ మాట కూడా చెప్పింది. నా ముఖం మీదే. నాకు చివుక్కుమంది. నేనేంటి, తిప్పలు పెట్టడమేంటి! మేడం నా పక్కనే నిలబడి, "ఇంకింత గట్టిగ చెప్పమ్మా, గీ ఇచ్చోడకు వినవడాలె" అన్నారు.

కొన్నాళ్ళకు మేడం నుంచి పిలుపొచ్చింది. వెళ్ళేసరికి గదిలో చెన్నూరు పిల్ల నిలబడి ఉంది. మేడం కమిటీలో కూర్చున్నట్టే కూర్చున్నారు. "నీ మీద ఫిర్యాదు వచ్చింది. చెప్పు చెన్నూరా, నాకు చెప్పినట్టే చెప్పు."

ఆ పిల్ల నా వైపు చూసింది, భయపడింది, అయినా చెప్పింది. "అక్క రోజు పొద్దుగాల లేపి చదువుమంటది మేడం. నాకు నిద్ర సాలుతలేదు. వద్దంటే ఇంటలేదు."

మేడం నన్ను ప్రశ్నించారు. లేపుతున్న మాట నిజమేనా? నిజమే. ఆమె వద్దన్నదా? అన్నది. ఇంకెప్పుడూ లేపకూడదని నాకు గట్టిగా చెప్పి, మళ్ళీ లేపితే వచ్చి చెప్పమని ఆ పిల్లకు చెప్పి పంపించారు. ఆమె వెళ్ళగానే మేడం తలుపు దగ్గరగా వేసి, అప్పటిదాకా ఆపుకున్న నవ్వంతా వదిలేశారు. కళ్ళ నీళ్ళు కారుతున్నాయి, అయినా ఆగడం లేదు.

"సూసినవా? నీ ముంగటనే చెప్పింది! వాళ్ళవ్వ చేతిల పెట్టిన మనిషివి, పక్కన నిలవడ్డవ్, అయినా నీ మీదనే చెప్పింది!"

నాకు ఒళ్ళు మండిపోతోంది. "మేడం, నేను దాని మంచికే లేపిన గద!"

"మంచికే లేపినవ్ బిడ్డా. రేపటి సంది లేపకు."